హిమాలయాల నడకలో రోజంతా ముసురు పడితే: దేవరకొండ మిత్రులకు వివరంగా

సెప్టెంబరు మొదటి వారంలో నలుగురూ కలిసి హిమాచల్‌లో హంప్టా కనుమ దాటి, ఛత్రు మీదుగా చంద్రతాల్ సరస్సు చేరి, అక్కడి నుంచి బారాలాచా కనుమ వరకు నడవాలనుకుంటున్నామని రాశారు. టెంట్లు, వంట సామాను మీరే మోస్తారు. దారిలో ఒక రోజంతా ముసురు పట్టుకుంటే నడవాలా ఆగాలా, సామాను తడవకుండా ఎలా కాపాడుకోవాలి, ఏ రెయిన్ కోటు కొనాలి, మన ప్రాంతంలోనే సాధన చేయడం కుదురుతుందా, గొడుగు పనికొస్తుందా అని అడిగారు.

మీ ప్రశ్నలన్నీ తడవకుండా ఉండటం చుట్టూనే తిరుగుతున్నాయి. అసలు అడగాల్సింది అది కాదు. కొండల్లో రోజంతా వానలో నడిచినవాడు ఎంత ఖరీదైన కోటు వేసుకున్నా తడుస్తాడు. పైనుంచి వాన తడపకపోతే లోపలి నుంచి చెమట తడుపుతుంది. ఆ రోజు మీ లక్ష్యం ఒక్కటే: చీకటి పడేసరికి నలుగురి దగ్గరా తలా ఒక పొడి బట్టల జత, తలా ఒక పొడి స్లీపింగ్ బ్యాగు మిగిలి ఉండాలి. నడవాలా ఆగాలా, వాగు దాటాలా వద్దా, బ్యాగు ఇప్పుడు తెరవాలా వద్దా అనే ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క కొలబద్దతో కొలవండి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాళ్లకు వాన అంటే భయం ఉండదు. మబ్బు కోసం మొహం వాచిన నేల మనది. నాట్ల రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడుస్తూ పనిచేసినా, ఇంటికొచ్చి తల తుడుచుకుని వేడి వేడిగా నాలుగు ముద్దలు తింటే ఒళ్లు సర్దుకుంటుంది. ఎందుకంటే ఆషాఢ, శ్రావణాల్లో వాన పడుతున్నప్పుడు కూడా మన దగ్గర సాధారణంగా 20 డిగ్రీల పైనే ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. హంప్టాకు ముందు బస చేసే బాలూ కా ఘేరా దాదాపు 3,600 మీటర్ల ఎత్తులో ఉంది. కనుమ 4,270 మీటర్లు. అక్కడ ముసురు పడితే పట్టపగలే 10 డిగ్రీల లోపు ఉంటుంది. దానికి గాలి తోడవుతుంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి జారిందంటే అది వైద్యులు హైపోథెర్మియా అనే స్థితి. దానికి మంచు కురవాల్సిన పని లేదు. తడి, గాలి, ఆకలి, అలసట కలిస్తే చాలు. మన ఒంటికి తెలిసిన వాన వేరు, ఆ వాన వేరు. మన ప్రాంతపు కుర్రాళ్లు కొండల్లో దెబ్బతినేది ధైర్యం లేక కాదు, చిన్నప్పటి నుంచి వాన నేర్పిన ధీమాతో.

బాలూ కా ఘేరా దగ్గర ఒక సాయంత్రం మా బృందంలోని నల్లగొండ కుర్రాడొకడు పల్లిపట్టీ పొట్లం వేళ్లతో విప్పలేక పళ్లతో చింపడం చూశాను. వేసుకున్నది జీన్స్ ప్యాంటు. మోకాళ్ల కింద తడిసి కాళ్లకు అతుక్కుపోయి ఉంది. చలిగా ఉందా అని అడిగితే "ఏమీ లేదన్నా" అన్నాడు. ఆ మాట ముద్దగా, నాలుక మడతపడినట్టు వచ్చింది. జాకెట్ జిప్పు మూడుసార్లు లాగి, పట్టు చిక్కక వదిలేసి ఊరికే నిలబడ్డాడు. పుస్తకాల్లో రాసే లక్షణాలు కళ్ల ముందు కనిపించేది ఇలాగే. వేళ్లు మొండికేస్తాయి, అడుగు తడబడుతుంది, మాట ముద్దవుతుంది, మనిషి చిరాకు పడతాడు లేదా ఉలుకూ పలుకూ లేకుండా పోతాడు. "బాగానే ఉన్నాను" అనే అతని మాటను నమ్మకూడదు. చలి ముందుగా మందగింపజేసేది ఆ సంగతి గ్రహించగల బుద్ధినే.

వెంటనే టెంటు వేసి లోపలికి తీసుకెళ్లాం. తడి బట్టలన్నీ విప్పించి, పొడివి తొడిగి, కింద రెండు చాపలు వేసి స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టాం. ఒంటి వేడిని లాగేయడంలో నేల గాలికేమీ తీసిపోదు. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి చంక దగ్గర పెట్టాం. స్పృహలో ఉండి, మింగగలుగుతున్నాడు కాబట్టి చక్కెర ఎక్కువ వేసిన వేడి టీ కొద్దికొద్దిగా తాగించాం. కాళ్లూ చేతులూ రుద్దకూడదు. మద్యం చుక్క కూడా పోయకూడదు, అది చర్మానికి వెచ్చదనం ఇచ్చినట్టే ఇచ్చి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. గంటలో మళ్లీ గజగజ వణకడం మొదలుపెట్టాడు. అప్పుడే మాకు ధైర్యం వచ్చింది. వణుకు అంటే ఒళ్లు ఇంకా పోరాడుతోందని అర్థం. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయి మత్తుగా జోగుతుంటే అది ప్రాణాపాయం. అప్పుడు మనిషిని కుదపకుండా, నడిపించకుండా, వెచ్చగా ఉంచుతూ సహాయం కోసం కబురు పంపాలి.

ఇక బట్టల సంగతి. నూలు బట్ట ఒక్కటి కూడా నడకకు వద్దు. జీన్స్, నూలు బనియను, నూలు మేజోళ్లు ఇంట్లోనే ఉంచండి. నూలు నీటిని పీల్చుకుని వదలదు, వేడిని నిలపదు. ఒంటిని ఆనుకుని పలుచని పాలిస్టర్ లేదా ఉన్ని చొక్కా, దాని మీద ఫ్లీసు, అంటే మెత్తని నూగు ఉండే కృత్రిమ బట్ట జాకెట్, అన్నిటికన్నా పైన వాన కోటు. ఉన్ని గుణం తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. మందలు తోలుకుని కృష్ణ దాటి నెలల తరబడి వలస వెళ్లే పాలమూరు గొల్ల కురుమలను చూడండి. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన నల్ల గొంగడిని తలమీదుగా ముడిచి కప్పుకొని, జోరువానలో కర్ర మీద ఆనుకుని గంటల తరబడి నిలబడతారు. ఆ గొంగడి పైన తడిసినా లోపల వెచ్చగానే ఉంటుంది. బరువు కాబట్టి మీరు దాన్ని మోయలేరు, కానీ ఒక పలుచని ఉన్ని చొక్కా, రెండు జతల ఉన్ని మేజోళ్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. స్లీపింగ్ బ్యాగు విషయంలోనూ ఇదే లెక్క. పక్షి ఈకల బ్యాగు తేలికే, పొడిగా ఉన్నంతసేపు దానికి సాటి లేదు. తడిస్తే మాత్రం ముద్దయిపోయి ఎందుకూ కొరగాదు. మొదటిసారి సొంత బరువుతో వెళ్లే మీకు కృత్రిమ దూది నింపిన బ్యాగే నయం.

రెయిన్ కోటు ఏ కంపెనీది అన్నది పెద్ద విషయం కాదు. కుట్ల మీద లోపలివైపు టేపు అతికించి ఉండాలి, చంకల కింద జిప్పులుంటే మంచిది, ఫ్లీసు మీద వేసుకున్నా బిగుసుకోనంత వదులుగా ఉండాలి. వాన ప్యాంటు కూడా కొనండి, చాలామంది దాన్ని వదిలేసి తొడలు తడుపుకొంటారు. వానలో ఎక్కుడు మొదలయ్యే ముందే ఫ్లీసు తీసి బ్యాగులో పెట్టేసి, కాస్త చలిగా అనిపిస్తుండగానే నడవడం మొదలుపెట్టండి. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ఆగిన మరుక్షణం మళ్లీ వేసుకోండి. బద్ధకించి ఫ్లీసుతోనే ఎక్కితే అది చెమటకు తడుస్తుంది, కనుమ మీద గాలి తగిలేసరికి వేసుకోవడానికి వేరేది ఉండదు.

బ్యాగు మీద తొడిగే కవరును నమ్ముకోవద్దు. మెడ దగ్గర నుంచి వీపు వెంట కారే నీళ్లు నేరుగా బ్యాగులోకే పోతాయి, గాలికి కవరే ఎగిరిపోతుంది. బ్యాగు లోపల ఒక పెద్ద, మందమైన పాలిథిన్ సంచి పెట్టండి. మిర్యాలగూడ, దేవరకొండ అంగళ్లలో దొరికేవే చాలు. స్లీపింగ్ బ్యాగు, రాత్రి బట్టలు, మేజోళ్లు దాని అడుగున పెట్టి, మూతిని మెలితిప్పి మడిచి కట్టండి. పగలంతా ఆ మూతి విప్పకూడదు. మధ్యలో కావలసినవన్నీ, అంటే తిండి, టోపీ, నీళ్లు, మందులు, టార్చి, దానికి పైనే ఉండాలి. తడిసిన టెంటును ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ సంచిలో పెట్టవద్దు, బయట కట్టండి.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. మరుసటి రోజు పొద్దున కూడా వాన పడుతుంటే రాత్రి వేసుకున్న పొడి బట్టలు విప్పి, సంచిలో కట్టేసి, నిన్నటి తడి బట్టలే పిండి మళ్లీ తొడుక్కోవాలి. మేజోళ్లు కూడా అంతే. ఐదు నిమిషాలు ప్రాణం పోయినంత పనవుతుంది. ఈ ఒక్క పనికి మనసొప్పక పొడి జతతో బయలుదేరినవాళ్లు మధ్యాహ్నానికి రెండు తడి జతలతో మిగులుతారు. మీ నలుగురిలో ఎవరు గునిసినా మిగతా ముగ్గురూ ఒప్పుకోవద్దు.

నడవాలా ఆగాలా? సన్నని తుంపర, గాలి లేదు, దారి లోయ వెంట అడవిలో ఉంది, రాత్రి అందరూ బాగా నిద్రపోయారు అంటే నడవండి. టెంటులో ముడుచుకుని కూర్చోవడం కన్నా నడకే ఒంటికి వెచ్చదనం. మీ నడక మొదట్లో జోబ్రా నుంచి చికా వరకు దారి దాదాపు ఇలాంటిదే. కానీ ఆ రోజు కనుమ దాటాల్సి ఉండి గాలీ వానా కలిసి కొడుతుంటే కదలవద్దు. ఎదుటి రాయి కనిపించనంత మబ్బు కమ్మితే కదలవద్దు. నలుగురిలో ఒక్కరికి తలనొప్పి, వాంతులు ఉన్నా పైకి పోవద్దు, అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు కావచ్చు, తగ్గకపోతే కిందికే దిగాలి. ఉరుముల సంగతీ చెబుతాను. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు గడిస్తే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. 30 సెకన్ల లోపు వినిపిస్తే శిఖరాల మీద, ఒంటరి చెట్ల కింద ఉండకూడదు. చివరి ఉరుము తరువాత కూడా అరగంట ఆగాలి.

ఆగడం సులభం కావాలంటే ప్రణాళికలోనే ఒకటి రెండు ఖాళీ రోజులు ఉండాలి. మీరు పంపిన పట్టికలో అవి లేవు. బారాలాచా చేరిన మూడో రోజుకే ఢిల్లీలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసుకున్నామని రాశారు. కొండల్లో తప్పుడు నిర్ణయాలు చాలావరకు ఆ టికెట్టు కోసమే జరుగుతాయి. దయచేసి మార్చుకోండి. హంప్టా దాటి లాహౌల్ వైపు దిగితే వానలు తగ్గుతాయని మీరు చదివింది నిజమే, అది వానచాటు ప్రాంతం. అలాగని అక్కడ ఆకాశం మాట తప్పదనుకోవద్దు. 2018 సెప్టెంబరు నాలుగో వారంలో లాహౌల్, స్పితి ప్రాంతాల్లో వానా మంచూ కలిసి విరుచుకుపడి, రోడ్లు మూసుకుపోయి, వందల మంది చిక్కుకుపోయారు. సైనిక హెలికాప్టర్లు వెళ్లి దించాల్సి వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది వాగులకు. వానలో చలితో పాటు ప్రాణాలు తీసేవి ఇవే. మీ దారిలో హంప్టా కనుమ దిగాక షియా గోరు దగ్గర ఒకటి, చంద్రతాల్ దాటాక తోక్‌పో యోంగ్మా, తోక్‌పో గోంగ్మా అనే రెండు పెద్ద వాగులు ఉన్నాయి. మంచు కరిగి వచ్చే నీళ్లు కాబట్టి తెల్లవారుజామున తక్కువగా, ఎండెక్కేకొద్దీ ఎక్కువగా పారతాయి. అందుకే ముందు రోజు సాయంత్రానికి వాగు ఇవతలి ఒడ్డున టెంటు వేసుకుని, తెల్లవారగానే దాటాలి. వాన పడితే ఈ లెక్క తారుమారవుతుంది. డిండి వాగు పక్కన పెరిగినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు, ఎగువన ఎక్కడో కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు ఎర్రబడి వస్తాయి. నీటి రంగు మారినా, కొట్టుకొచ్చే ఆకులూ పుల్లలూ పెరిగినా, అడుగున రాళ్లు దొర్లుతున్న శబ్దం వినిపించినా ఒడ్డునుంచి వెనక్కి జరగండి. ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకుని అరగంట తరువాత చూడండి, పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది.

దాటేటప్పుడు ఇరుకైన చోటు చూసి మోజుపడవద్దు, అక్కడే లోతు, అక్కడే వడి. వాగు వెడల్పుగా పరుచుకుని పాయలుగా చీలిన చోటు వెతకండి. ప్రవాహపు వేగం రెట్టింపైతే అది మిమ్మల్ని తోసే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే వడి ఉన్న నీళ్లు మోకాలు దాటితే ఆగిపోవాలి. బూట్లు విప్పి ఒట్టి కాళ్లతో దిగవద్దు, మేజోళ్లు మాత్రం తీసి దాచుకోండి. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పి ఉంచండి, పడితే బ్యాగును వదిలించుకోగలగాలి. ఎగువకు ముఖం పెట్టి, చేతికర్రను ముందు ఆనించి, ఒక్కో కాలూ కదపాలి. ఆ రెండు తోక్‌పోల కోసమైనా మనాలీలో స్థానిక గైడును మాట్లాడుకోండి. ఈ ఒక్క ఖర్చు దగ్గర వెనకాడవద్దని పెద్దవాడిగా బతిమాలుతున్నాను.

టెంటు గురించి క్లుప్తంగా. గుంటలో కాకుండా కాస్త మెరక మీద వేయండి, వాగుకు దగ్గరగా వద్దు. వడ్ల కుప్ప మీద టార్పాలిన్ కప్పి చుట్టూ కాలువ తీయడం మనకు అలవాటే, కానీ ఆ పచ్చిక మైదానాల్లో గడ్డపార పెట్టవద్దు. అక్కడ గడ్డి ఏడాదిలో కొన్ని నెలలే పెరుగుతుంది, ఒకసారి తెగితే ఆ నేల కోసుకుపోతుంది. చోటు ఎంచుకోవడంలోనే జాగ్రత్త పడాలి. ఎంత చలి వేసినా టెంటు మూసేసి లోపల స్టవ్ వెలిగించవద్దు. మంట అంటుకునే ప్రమాదం ఒకటి, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మరొకటి.

వాన రోజున వండుకోవడానికి ఆగడం కష్టం కాబట్టి నడుస్తూ తినేవి జేబులో ఉండాలి. మన పల్లి, బెల్లం ముద్దలను మించినవి నాకు ఇంతవరకు దొరకలేదు. సత్తుపిండిలో బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు చేసి, చలికి మొద్దుబారిన వేళ్లతో కూడా విప్పగలిగేలా ఒక్కొక్కటీ వదులుగా కాగితంలో చుట్టుకోండి. గంటకొకటి తినాలి. చలిలో దాహం తెలియదు, నీళ్లు కూడా గుర్తుపెట్టుకుని తాగాలి.

సాధన విషయానికి వస్తే, మన ప్రాంతం ఎందుకూ చాలదన్న మీ అనుమానం సరికాదు. భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అయితే ఆమె బృందం రాతి మీద పట్టు ఇక్కడ నేర్చుకుని, చలి అలవాటు కోసం డార్జిలింగ్, లద్దాఖ్ వెళ్లింది. మీకూ అంతే. దేవరకొండ ఖిల్లా, రాచకొండ గుట్టలు, కోయిల్‌కొండ కోట, ఇవి చాలు కాళ్లకు. వారానికి రెండు రోజులు, నడకలో మోయబోయే పూర్తి బరువుతో ఎక్కి దిగండి. తడిసిన గ్రానైటు మీద నల్లటి పాచి చారలు కనిపిస్తే అటు అడుగు పెట్టవద్దు. నల్లమలలో చేస్తామని రాశారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా నడవడం నేరం, పైగా వానాకాలం ఆ అడవికి విశ్రాంతి సమయం. ఉమామహేశ్వరం మెట్లదారి లాంటి, భక్తులు తిరిగే దారులకే పరిమితం కండి.

ఇంకో సాధన మాత్రం తప్పనిసరి. ఆగస్టులో మంచి వాన పడుతున్న రాత్రి డాబా మీదికి ఎక్కి, టార్చి వెలుగులో, తడుస్తూ టెంటు వేయండి. మేకులు దిగవు కాబట్టి తాళ్లకు ఇటుకలు కట్టండి. లోపలి గుడ్డ తడవకుండా పది నిమిషాల్లో వేయగలగాలి. లోపలికి దూరి, తడి బట్టలు ఎక్కడ పెట్టాలి, పొడివి ఎలా తీయాలి, ఇద్దరు ఒకరినొకరు తడపకుండా ఎలా మారాలి అన్నది అక్కడే తేల్చుకోండి. తెల్లవారాక ఎవరి స్లీపింగ్ బ్యాగు ఎక్కడ తడిసిందో చూసి రాసుకోండి. ఆ రాత్రి మీకు నా సమాధానం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

చివరగా గొడుగు. గాలి లేని అడవి దారిలో నిజంగా హాయిగా ఉంటుంది, కోటు విప్పి చెమట పట్టకుండా నడవవచ్చు. చికా దాటి చెట్లు తగ్గాక దాన్ని మడిచి బ్యాగులో పెట్టేయండి, అక్కడి నుంచి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నలుగురికీ కలిపి ఒక్కటి చాలు, వంట చేసేటప్పుడు స్టవ్‌కు అడ్డంగా పట్టుకోవడానికి కూడా అదే పనికొస్తుంది. టికెట్లు మార్చుకున్నాక కొత్త పట్టిక, నలుగురి సామాను జాబితా బరువులతో సహా ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.